ప్రతి కాపీతో నోటీసు

అంధేరి, బొంబాయి
20 నవంబర్ 1988

మొగిలయ్య మామకు,

నీ మేనకోడలు అరుణ, వేళకు తింటూ, లోకల్ రైల్లో ఎవరి కాళ్లూ తొక్కకుండా ప్రయాణం చేస్తూ, క్షేమంగానే ఉంది. మూతపడ్డ చిట్‌ఫండ్ కంపెనీ వాళ్ల కంప్యూటర్‌ను ప్రెస్సులోకి తెచ్చావని చదివి గదిలో ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను. అత్తమ్మ దానికి పసుపూ కుంకుమా పెట్టిందన్నావు. తెరకు పెట్టి ఉంటే మెత్తటి గుడ్డతో తుడవండి. డబ్బాకు పెట్టి ఉంటే ఉండనివ్వండి.

నువ్వు అడిగిన తెలుగు అచ్చు ప్రోగ్రాం పంపుతున్నాను. పార్సిల్‌లో రెండు ఫ్లాపీలు ఉంటాయి. మొదటిది పెడితే ప్రోగ్రాం నడుస్తుంది. రెండోదాంట్లో అసలు రాత ఉంది, అంటే ఆ ప్రోగ్రాంను మేం ఎలా రాశామో అదంతా. ఏదైనా మార్చాలంటే అది కావాలి.

దీని సంగతి కొంచెం చెప్పాలి మామా. ఇది నేనొక్కదాన్నే చేసింది కాదు. డెన్మార్క్ దేశంలో ఒకాయన మొదలుపెట్టి, ఎవరైనా వాడుకోండి, మార్చుకోండి, అమ్ముకోండి అని లోకం మీదికి వదిలేశాడు. తర్వాత చాలామంది చేతులు పడ్డాయి. మద్రాసులో వేదాచలం గారని ఒక పెద్దాయన అరవ అక్షరాలకు మార్చారు. ఆయన పోస్టులో పంపితే నేను తెలుగుకు మార్చాను. వత్తుల దగ్గర ఎన్ని తిప్పలు పడ్డానో ఆయనకే తెలుసు.

నువ్వు దీన్ని మిగతా ప్రెస్సుల వాళ్లకు నిక్షేపంగా అమ్ముకోవచ్చు. అందులో తప్పేమీ లేదు. షరతులు రెండే. కొన్నవాళ్లకు రెండో ఫ్లాపీ కూడా ఇవ్వాలి. వాళ్లు దాన్ని మార్చుకున్నా, కాపీ తీసి ఇంకొకరికి ఇచ్చినా నువ్వు అడ్డం పడకూడదు. ఇక రెండోది, ప్రతి కాపీతో నోటీసు తప్పకుండా వెళ్లాలి. అందులో చేసినవాళ్ల పేరూ, తేదీ ఉండాలి. ఇది మాత్రం మరవకు.

నాతో గదిలో ఉండే నర్సుకు రాత్రి డ్యూటీ. ఆమె వచ్చేసరికి నేను వెళ్లిపోతాను. మంచం మీది దుప్పటి మడత మారితే ఆమె వచ్చి పోయిందని తెలుస్తుంది. శుక్రవారం సాయంత్రం ఆఫీసులో 'గుడ్ నైట్' అన్నాను. ఇవాళ ఆదివారం, ఇంతవరకూ మళ్లీ నోరు విప్పే పని పడలేదు. అందుకే ఉత్తరం ఇంత పొడుగైంది.

అత్తమ్మను అడిగానని చెప్పు.

నీ అరుణ


సమ్మమ్మ ప్రింటింగ్ ప్రెస్
పోచమ్మమైదాన్, వరంగల్
9 డిసెంబర్ 1988

కోడలుపిల్లకు, సిరా మరకలు పడకుండా చేతులు కడుక్కుని మరీ మామ రాస్తున్నది.

పార్సిల్ అందింది. టైపు ఇన్‌స్టిట్యూట్ కట్టయ్య వచ్చి ఫ్లాపీ పెట్టి మొదటి కాగితం తీశాడు. ఆ మిషన్ చేసే చప్పుడుకు మన కంపోజిటర్ యాకయ్య చేతిలోని అక్షరాలు కింద పడేశాడు. "గిది అచ్చు కొడ్తాందా, మిడతల దండు పోతాందా?" అన్నాడు. కాగితం బయటికి వచ్చాక మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని వత్తు వత్తూ చూసి, "పోరి మంచిగనే చేసింది" అన్నాడు. యాకయ్య నోట మెప్పు రావడం నాకు తెలిసి ఇదే మొదలు. నేను ప్రెస్సు నడుపుతున్న ఇన్నేళ్లలో నన్ను ఒక్కసారి మెచ్చుకోలేదు.

నోటీసు సంగతి నువ్వు నాకు చెప్పాలా? ఊళ్లోకి సర్కస్ వచ్చినా, బట్టల దుకాణం తెరిచినా, మేడారం జాతరకు స్పెషల్ బస్సులు వేసినా, వరంగల్‌లో నోటీసు అంటే సమ్మమ్మ ప్రెస్సే కదా. గులాబీ కాగితం మీద బ్రహ్మాండంగా వేయించాను. ప్రతి కాపీతో ఒకటి పోతుంది. నీ పేరు పైనే పెట్టాను. తేదీ కూడా ఉంది. జర కూడా ఫికర్ చేయకు.

మీ అమ్మ చనిపోయిన ఏడాది నేను నిన్ను ఇక్కడికి తెచ్చి అక్షరాల గళ్ల ముందు కూచోబెట్టినప్పుడు, మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా అక్షరాలు ఏరుకుంటూ కూచున్నావు. అప్పుడే అనుకున్నాను, ఈ పిల్లకు ఈ పనే అన్నం పెడుతుందని. నేను వేరే మిషన్ అనుకున్నాను, అంతే తేడా.

మాట్లాడటానికి మనిషి లేకపోతే నీకు గది అద్దెకిచ్చిన ఆ గుజరాతీ ఇంటావిడతో పోట్లాట పెట్టుకో. నోటికి కాస్త పని ఉంటుంది.

ఆశీస్సులతో,
మొగిలయ్య


అంధేరి
2 జనవరి 1989

మామా,

కొత్త సంవత్సరమని ఇవాళ ఆఫీసులో కేకు కోశారు. నా ముక్క తిని నా కుర్చీకి వచ్చి కూచున్నాను.

నోటీసును కాగితం మీద కూడా వేయించావంటే ఎంత సంతోషం వేసిందో. ఇక్కడి పెద్ద కంపెనీలకే అంత శ్రద్ధ లేదు. కానీ నా పేరు పైన ఎందుకు? చివర ఉంటే చాలు. అందరికన్నా చివర చేరినదాన్ని నేనే కదా. నాకూ ఒక గులాబీ కాగితం పంపు, గోడకు అంటించుకుంటాను. వేదాచలం గారికి నీ సంగతి రాశాను. వరంగల్‌లో మా మామ మీ పేరును కాగితానికి ఎక్కించాడని చెప్పాను.

అరుణ


వరంగల్
15 మార్చి 1989

అరుణకు,

పెళ్లిళ్ల కాలం, ఉత్తరం ఆలస్యమైంది. నీ పేరు చివర పెట్టమని రాస్తే అత్తమ్మకు చదివి వినిపించాను. "అణకువ వాళ్ల అమ్మదే" అని కళ్లు తుడుచుకుంది. పేరు మాత్రం పైనే ఉంది, అది నా ఇష్టం. గులాబీ కాగితాలు అయిపోయాయి, మళ్లీ వేసినప్పుడు పంపుతాను.

ప్రోగ్రాం బాగా పోతోంది. కేసముద్రం మార్కెట్లో ధాన్యం కమీషన్ వ్యాపారం చేసే ఒక అడ్తిదారు చీటీలు వేసుకోవడానికి తీసుకున్నాడు. డోర్నకల్‌లో జానీ మియా అని చిన్న ప్రెస్సు ఉంది, అతను తీసుకున్నాడు. విజయవాడ నుంచి సిరా డబ్బాలు తెచ్చే ఏజెంటు ఒకటి పట్టుకుపోయి మద్రాసులో చూపిస్తానన్నాడు. ఈ మిషన్లు వచ్చి నా ప్రెస్సు మూయిస్తాయని భయపడ్డవాణ్ణి, వాటి మీదే బతుకుతున్నాను చూడు.

ఒక్కటే పేచీ. హన్మకొండ కిషన్ రావు లేడూ, మన పక్కనే ప్రెస్సు పెట్టాలని చూసినవాడు, అతనూ కొన్నాడు. నీకు ఇంకో ఫ్లాపీ ఉందట కదా, అదీ ఇమ్మంటాడు. కట్టయ్యే ఊదినట్టున్నాడు. వండి పెట్టమంటే పెడతాను గాని, పొయ్యి కూడా ఎత్తుకుపోతానంటే ఎట్లా? ఆ రెండో ఫ్లాపీని బీరువాలో అత్తమ్మ నగల పక్కన పెట్టి తాళం వేశాను.

మామ


అంధేరి
10 ఏప్రిల్ 1989

మామా,

నగల పక్కన పెట్టావా! తీసి ఇచ్చేయ్ మామా. కిషన్ రావు నీకు నచ్చకపోతే అతని మొహం చూడకుండా ఇవ్వు, కానీ ఇవ్వు. మొదట ఇచ్చినాయన మనతో చేసుకున్న ఒప్పందం అది. వేదాచలం గారు చివరి ఉత్తరంలో రాశారు, అమెరికాలో కొందరు ఈ ఫిబ్రవరిలోనే ఇలాంటి షరతులన్నీ ఏ ప్రోగ్రాంకైనా సరిపోయేలా ఒకే పత్రంగా రాశారట. దాని కాపీ పంపుతానన్నారు.

ఆ తర్వాత ఆయన దగ్గర్నుంచి ఉత్తరం లేదు. పదిహేను రోజులకోసారి కార్డు రాసే మనిషి. నేను రెండు రాశాను, జవాబు లేదు. ఒంట్లో బాగాలేదేమో. పెద్దవాళ్లు ఇలా ఉన్నట్టుండి మాట మానేస్తే చెడ్డ ఆలోచనలే వస్తాయి. పుణెలో ఈ ప్రోగ్రాం మీదే పనిచేసే ఇంకో ఆయన ఉన్నాడు, ఆయనా రాయడం మానేశాడు. సాయంత్రం వచ్చి మెట్ల కింద పోస్టు డబ్బా చూడటం ఒక్కటే నాకు రోజూ ఉండే పని. ఇంటావిడ నాకు ఎవరో ప్రేమలేఖలు రాస్తున్నారని అనుమానపడుతోంది.

అరుణ


వరంగల్
2 మే 1989

అరుణకు,

ఎండలు మండిపోతున్నాయి. రోలరు మీది సిరా కారిపోతోంది.

నీ ఉత్తరం అత్తమ్మ రెండుసార్లు చదివించుకుంది. ఆమె అడగమన్న మాట అడుగుతున్నాను, కోపం తెచ్చుకోకు. "ఆ వేదాచలం వయసెంత? పెండ్లయిందా? పెద్దాయన అంటాంది గని నలభై ఏండ్లోడిని గూడ పోరగాండ్లు పెద్దాయన అనే అంటరు." మనవాళ్లు కాకపోయినా నాకు అభ్యంతరం లేదు. అరవవాళ్లు మంచివాళ్లే, అన్నంలో పెరుగు ఎక్కువ తింటారు, అంతే. నువ్వు ఊ అంటే మద్రాసు పోయి మాట్లాడి వస్తాను.

రెండో ఫ్లాపీ సంగతి చూద్దాం. తొందరేముంది?

మామ


అంధేరి
21 మే 1989

మామా,

మద్రాసు నుంచి కవరు వచ్చింది. వేదాచలం గారి చేతిరాత చూసి మెట్ల మీదే చింపాను. లోపల ఉత్తరం లేదు. నీ గులాబీ కాగితం ఉంది. దాని మీదా, కవరులోనూ ఆయన ఒక్క అక్షరం రాయలేదు.

అందులో ఏముందో నీకు గుర్తుందా? "ఓరుగల్లు గడ్డ మీద పుట్టిన కంప్యూటర్ సరస్వతి కుమారి అరుణ, బి.టెక్., ఎవరి సాయమూ లేకుండా స్వయంగా సృష్టించిన తెలుగు అచ్చు ప్రోగ్రాం. నకలు తీసినవారు శిక్షార్హులు."

ఎవరి సాయమూ లేకుండానా? ఆయన నాకు 'ళ' ఒంపు ఎలా తిప్పాలో నాలుగు కార్డుల నిండా గీసి పంపారు. ఆయన దగ్గర తీసుకుని, ఆయన పేరు చెరిపి, నా పేరు పెట్టుకుని ఆయన ఊళ్లోనే అమ్మించాను. ఆయన అనుకునేది ఇదే, ఎవరైనా ఇదే అనుకుంటారు. నకలు తీసినవారు శిక్షార్హులట! అందరూ నకలు తీసుకోండి అని చెప్పడానికే మామా ఆ నోటీసు ఉన్నది.

నేను నోటీసు అన్నది సర్కస్ నోటీసు కాదు. ప్రోగ్రాం మొదలవగానే తెర మీద వరసగా కనబడే పేర్లు, వాటి కింద రాసిన షరతులు. అసలు రాత పైన కూడా అవే ఉంటాయి. మొదటివాడి నుంచి నా దాకా, ఎవరు ఏం చేశారో, ఎప్పుడు చేశారో. అవైనా ఉన్నాయా? నువ్వు అమ్మిన ఫ్లాపీల్లో ఆ పేర్లు ఉన్నాయా లేవా, ఒక్క ముక్కలో రాయి.

ఆయన వయసు అరవై ఎనిమిది. మనవలున్నారు. అత్తమ్మకు చెప్పు.

అరుణ


వరంగల్
30 మే 1989

అరుణకు,

ఒక్క ముక్కలో రాయమన్నావు. లేవు.

తీయించింది నేను, తీసింది కట్టయ్య. ఎందుకు తీయించానో కూడా విను. ఎవరైనా సూర్యాపేటలో వేసిన పెళ్లిపత్రిక తెచ్చి ఇట్లాంటిదే వేయమంటే, అడుగున ఉన్న సూర్యాపేట ప్రెస్సు పేరు తీసేసి మన పేరు పెడతాం. పెట్టాలి, చట్టం అది. వేసినవాడి పేరు లేకుండా కాగితం బయటికి పోకూడదు, వేయనివాడి పేరుతో అసలే పోకూడదు. పోలీసులు వస్తే అడిగేది ఎవరిని? ఎలక్షన్ పోస్టర్ల గొడవలో మా బాపు రెండు రాత్రులు ఠాణాలో కూచుని వచ్చి నాకు నేర్పిన సంగతి ఇది. చేసినవాళ్ల పేరూ తేదీ ఉండాలని నువ్వు రాస్తే నాకు ఇదే తోచింది. తెర మీద ఆ ఇంగ్లీషు పేర్లు చూసి, ఇంతకు ముందు వేసిన ప్రెస్సుల వాళ్లవనుకున్నాను. వేసినవాడి పేరుగా నీ పేరు పెట్టాను. ముప్పైయారు పాయింట్ అక్షరాల్లో పెట్టాను. మంత్రులు వచ్చినప్పుడు కూడా ఆ సైజు తీయను.

నీ ఉత్తరం విని అత్తమ్మ ఏడ్చింది. నేను ఏడవలేదు, నాకు కోపం వచ్చింది. ముఖం చూడని మనుషుల కోసం మామను పట్టుకుని ఇన్ని మాటలా? వాళ్లు నీకు ఏమవుతారు?

మొగిలయ్య


అంధేరి
11 జూన్ 1989

మామా,

వాళ్లు నాకు ఏమవుతారని అడిగావు. ఈ ప్రశ్నకు జవాబు రాసి రెండుసార్లు చింపాను. ఇది మూడోది.

చట్టం గురించి నువ్వు రాసింది చదివాక నీ మీద కోపం పోయింది. తప్పు నా మాటలోనూ ఉంది. 'నోటీసు' అని ఒక్క మాట రాసి ఊరుకున్నాను. ప్రెస్సులో పెరిగినదాన్ని, ఆ మాటకు నీ చెవిలో ఏ అర్థం పలుకుతుందో నాకు తెలిసి ఉండాల్సింది. కానీ ఆ పేర్ల సంగతి నీకు తెలియాలి.

నేను ఆఫీసులో రోజంతా రాస్తాను. బ్యాంకుల లెక్కలు చూసే ప్రోగ్రాంలు. అవి పూర్తయ్యాక ఓడెక్కినట్టు ఎక్కడికో వెళ్లిపోతాయి. ఎవరు వాడతారో తెలియదు, ఎవరు రాశారో వాళ్లకు తెలియదు. వాటి మీద కంపెనీ పేరు ఉంటుంది. నేను మానేస్తే నా కుర్చీలో ఇంకొకరు కూచుంటారు, రాత ఆగదు. ఈ ఊళ్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరా అని ఒకరోజు ఆలోచించాను. జీతం ఇచ్చే గుమస్తా ఒక్కడే, అతను కూడా 'ఆరోన' అంటాడు.

ఈ ప్రోగ్రాం అలా కాదు. డెన్మార్క్ ఆయన దగ్గర్నుంచి ఒక్కొక్కరూ తాము చేసింది చేసి, కింద పేరు రాసి, తర్వాతి వాళ్లకు అందించారు. వాళ్లలో ఒక్కరినీ నేను చూడలేదు. కానీ వాళ్ల రాతలోపల నెలల తరబడి తిరిగాను. ఎవరు తొందరమనిషో, ఎవరు ఓపికగా అన్నీ విడమరిచి రాస్తారో నాకు తెలుసు. వేదాచలం గారు ఒకచోట అరవంలో 'ఇక్కడ జాగ్రత్త, నేను పడ్డాను' అని రాసుకున్నారు. అర్థం తెలుసుకోవడానికి ఆఫీసులో అరవ అమ్మాయిని పట్టుకుని చదివించుకున్నాను. నా తెలుగు అక్షరాలు సరిగ్గా వచ్చిన రోజు ఆయనే నా పేరును తన పేరు కింద రాసి ఫ్లాపీ తిప్పి పంపారు. ఆ రోజు ఆఫీసు నుంచి నడిచి వచ్చాను. బస్సెక్కితే ఆ సంతోషం తొందరగా అయిపోతుందనిపించింది.

నువ్వు ముప్పైయారు పాయింట్లలో వేశావు మామా, నా మీద ప్రేమతో వేశావు, నాకు తెలుసు. కానీ నన్ను అక్కడ ఒక్కదాన్నే నిలబెట్టావు. ఒక్కదాన్నే ఉండటం నాకు ఇక్కడ ఎలాగూ ఉంది.

నువ్వు అమ్మడం తప్పు కాదు, మళ్లీ చెప్తున్నాను. తిరిగినందుకు, నేర్పినందుకు, ఫ్లాపీకి, నీకు తోచింది పుచ్చుకో. పేర్లు తిరిగి పెట్టు. కొన్న ప్రతి ఒక్కరికీ పేర్లున్న కాపీ, రెండో ఫ్లాపీ చేర్చు. ఆ షరతుల్లో నేను అప్పుడు నీకు రాయని మాట ఇంకొకటి ఉంది: ఎవరు ఏది మార్చినా, మార్చింది ఏమిటో, ఎప్పుడో, అందులోనే రాయాలి. దాన్ని కూడా చూసుకో.

వేదాచలం గారికి జరిగింది జరిగినట్టు రాశాను. నమ్మడానికి కష్టంగా ఉంటుందని నాకూ తెలుసు. అత్తమ్మను ఏడిపించినందుకు ఆమె కాళ్లకు దండం.

అరుణ


వరంగల్
20 ఆగస్టు 1989

అరుణకు, రెండు నెలల మౌనానికి జరిమానాగా పొడుగు ఉత్తరం.

నీ ఉత్తరం ప్రెస్సులో నిలబడి చదివాను. తర్వాత పని ఆపించి ఇంటికి పోయాను. భోజనం పెట్టిందెవరు, తిన్నదేమిటి, గుర్తులేదు. తెల్లారి బీరువా తాళం తీశాను.

పేర్లు పెట్టడానికి నేనూ, యాకయ్యా, కట్టయ్యా కూచున్నాం. రెండో ఫ్లాపీలో ఉన్న పేర్లను యాకయ్య ఒక్కో అక్షరం చదివితే కట్టయ్య కొట్టాడు. డెన్మార్క్ ఆయన పేరులో 'ఓ' అక్షరానికి అడ్డంగా గీత ఉంది. "గిది అచ్చుతప్పు, తీసేద్దాం పటేలా" అన్నాడు యాకయ్య. "ముట్టకు!" అని అరిచాను. పాపం, ముసలాయన అదిరిపోయాడు. వాళ్ల భాషలో ఆ గీత ఉంటుందని కట్టయ్య ఎవరినో అడిగి వచ్చాడు. అది ఆ మిషన్‌లో రాకపోతే కట్టయ్య ఒక పూటంతా కూచుని తెప్పించాడు.

మార్చినవాళ్లు మార్చింది రాయాలన్నావు. నీ పేరు కింద నేనే చెప్పి రాయించాను: మొగిలయ్య, వరంగల్, డిసెంబర్ 1988, పై పేర్లన్నీ తీసేశాడు. దాని కింద: మొగిలయ్య, వరంగల్, జులై 1989, తిరిగి పెట్టాడు. కట్టయ్య, "గింత ఉన్నదున్నట్టు ఎందుకే, సవరణ అని పెడితే సరిపోతది గదా" అన్నాడు. షరతులో అట్లా లేదన్నాను. ఇక ప్రపంచంలో ఎవడు ఆ ప్రోగ్రాం తెరిచినా నేను చేసిన పని చదువుతాడు. చదవనీ.

తర్వాత బస్సుల్లో తిరిగాను. కేసముద్రం అడ్తిదారు రెండో ఫ్లాపీ ఏం చేసుకోవాలని అడిగాడు. దాచుకోమన్నాను. విజయవాడ ఏజెంటుకు పోస్టులో పంపి, మద్రాసులో ఎవరెవరికి ఇచ్చాడో అందరికీ ఇమ్మని రాశాను. డోర్నకల్ జానీ మియా దుకాణంలో లేడు, వాళ్ల చెల్లెలి చేతికి ఇచ్చి వచ్చాను.

ఆఖరుకు హన్మకొండ. కిషన్ రావు ఫ్లాపీని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏందే మొగిలయ్యా, అడిగినప్పుడు లేదంటివి. ఇప్పుడు ఇంటికొచ్చి ఇస్తానవ్. ఇండ్ల ఏం కలిపినవ్?" అన్నాడు.

"పేర్లు కలిపిన" అన్నాను.

"నేను గిది జూసి నీకంటె మంచిగ చేస్తే నీ దుకాణం ఏమైతది?"

"చేసి, నీ పేరు కింద రాసుకో. నాకూ ఒక కాపీ ఇయ్యి."

చాయ్ తెప్పించాడు. మొదటిసారి వాళ్ల ప్రెస్సులో చాయ్ తాగాను. కొత్త మిషన్ చూపించాడు, బాగానే ఉంది.

గులాబీ నోటీసులు మిగిలినవి పొయ్యిలో వేసింది అత్తమ్మ. మీ వేదాచలం గారికి నేను కూడా తెలుగులో ఒక ఉత్తరం రాశాను. ఎవరితోనైనా చదివించుకుంటాడు.

నువ్వు అక్కడ అంత ఒంటరిగా ఉన్నావని మాకు తెలియదు బిడ్డా. పోట్లాట పెట్టుకోమని సరదాగా రాశాను.

మామ


అంధేరి
8 అక్టోబర్ 1989

మామా,

మీరు పేర్లు పెట్టిన కాపీ అందింది. నువ్వు నీ గురించి రాసుకున్న రెండు వరసలూ ఆఫీసు తెర మీద చదివాను. అంత రాయనక్కర్లేదు అని చెబుదామనుకున్నాను. కానీ చెప్పను.

కొత్త కాపీ వేదాచలం గారికి రిజిస్టర్ పోస్టులో పంపాను. అందినట్టు రసీదు మీద ఆయన సంతకం చేశారు. సంతకం ఒక్కటే వచ్చింది. పుణె ఆయనకూ పంపాను, అక్కడి నుంచి అదీ లేదు. తప్పు దిద్దుకున్నంత మాత్రాన మళ్లీ ఉత్తరాలు రావాలని ఎక్కడా రాసి లేదు కదా. వాళ్లనేమీ అనను.

ఇంక నేను ఆ ప్రోగ్రాం ముట్టుకోను. తెరిస్తే ప్రతిచోటా వాళ్ల రాతే కనిపిస్తుంది. ఇదివరకు అది మాట్లాడుతున్నట్టు ఉండేది. ఫ్లాపీలు ఒక డబ్బాలో పెట్టి మంచం కిందికి తోశాను. నర్సు ఉద్యోగం మారి వెళ్లిపోయింది. ఆమె మంచం ఖాళీగా ఉంది, దుప్పటి మడత అలాగే ఉంటోంది.

ఆఫీసులో శనివారాలు కూడా రమ్మంటే సరేనన్నాను.

అరుణ


వరంగల్
10 డిసెంబర్ 1989

అరుణకు,

ఎలక్షన్లు అయిపోయి ఊపిరి తీసుకుంటున్నాం. గోడలన్నీ మన పోస్టర్లే. ఇక జాతర పని మొదలవుతుంది, ఈసారి బస్సుల నోటీసులకు పచ్చ కాగితం తెప్పించాను. గులాబీ రంగు అత్తమ్మ ఇంట్లోకి రానివ్వడం లేదు.

నిన్న డోర్నకల్ నుంచి జానీ మియా వచ్చాడు. సంచిలోంచి ఫ్లాపీ తీసి బల్ల మీద పెట్టి, "మా చెల్లె పంపింది" అన్నాడు. ఖతీజాబీ అని, అక్కడ బడిలో లెక్కలు చెబుతుంది. నేను ఆగస్టులో ఫ్లాపీలు చేతికి ఇచ్చి వచ్చింది ఆమెకే. అన్న ప్రెస్సు మూసి ఇంటికి పోయాక కంప్యూటర్ ముందు కూచుని నీ రాత చదువుతూ వచ్చిందట. "ఏం చదువుతానవే అంటె జవాబు చెప్పకపోయేది. తిండికి పిలిచినా వినేది గాదు" అన్నాడు. పరీక్ష పేపర్లలో భిన్నాలు రావాలి కదా, ఒక అంకె పైన గీత కింద ఇంకో అంకె. అవి మన ప్రోగ్రాంలో లేవు. ఆమె చేర్చింది. కట్టయ్య పెట్టి చూపించాడు, యాకయ్య కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. చక్కగా పడుతున్నాయి.

ప్రోగ్రాం మొదలవగానే వచ్చే పేర్లు చూశాను. డెన్మార్క్ ఆయన నుంచి వరసగా ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. వేదాచలం గారి కింద నువ్వు ఉన్నావు. నీ కింద నా రెండు వరసలూ ఉన్నాయి. వాటి కింద కొత్తగా ఇట్లా ఉంది: ఖతీజాబీ, డోర్నకల్, నవంబర్ 1989, భిన్నాలు.

జానీ మియా పోతూ పోతూ ఆగి, "పైన అరుణ అని ఉంది గదా, ఆమె ఎవలు, ఏడుంటది అని రోజూ అడుగుతాంది. ఆమె రాసింది చదివితె పక్కన కూసోని చెప్తున్నట్టె ఉన్నదట. ఉత్తరం రాస్తె ఏమన్న అనుకుంటదా?" అన్నాడు. ఏమీ అనుకోదన్నాను. అప్పుడు జేబులోంచి కవరు తీశాడు, ఆమె ముందే రాసి ఇచ్చి పంపింది.

అది దీనితో పాటు పెడుతున్నాను. కవరు మీద నీ పేరుంది. నేను విప్పలేదు.

మామ